వేలు వదినది

రంగుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగక్క అంటారు. గేటు దగ్గర హాజరు రాసుకునేవాడికి తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. డేగ అన్నది పాత మాస్టరు, అక్క చేర్చింది మిగతావాళ్లు.

చేరిన కొత్తలో ఆమె పని డబ్బాలకు లేబుళ్లు అంటించడం. ఒక మధ్యాహ్నం, మూతలు పడకముందు బెల్టు మీద వరసగా పోతున్న క్రీము రంగు డబ్బాల్లోంచి ఒకదాన్ని తీసి పక్కన పెట్టింది. సూపర్‌వైజరు కేకలేశాడు.

"ఇది మిగతావాటి రంగు కాదండీ. కాస్త పచ్చన ఎక్కువ" అందామె.

"అన్నీ ఒక్క తొట్టిలోంచే వచ్చాయి తల్లీ. నీకు కావాల్సింది కళ్ల డాక్టరు."

అటుగా వెళుతున్న పాత మాస్టరు ఆగి, ఆ డబ్బానూ ఇంకో డబ్బానూ చెరో చేత్తో కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. చాలాసేపు చూశాడు. ఆరా తీస్తే, భోజనాల వేళ తొట్టి మారిందనీ, రెండో తొట్టిలో పసుపు రవ్వంత ఎక్కువ పడిందనీ తేలింది. "డేగవే నువ్వు" అన్నాడు మాస్టరు. మర్నాడు ఆమెను ల్యాబుకు మార్చారు. హోదా: ల్యాబు సహాయకురాలు.

ల్యాబు అంటే గాజు గొట్టాలూ తెల్ల కోట్లూ కాదు. పొడవాటి బల్ల, ఒక తూకం, రంగు ముద్దల సీసాలు, ఉత్తరం వైపు పెద్ద కిటికీ. కస్టమరు ఏదో ఒకటి తెస్తాడు. గోడ నుంచి ఊడిన పెచ్చు, కర్టెన్ ముక్క, ఒకసారైతే పెళ్లాం చెప్పు. "ఇదిగో, ఈ రంగే కావాలి" అంటాడు. తెల్ల రంగులో ముద్దలు చుక్కల లెక్కన వేసి కలపాలి. కలిపినదాన్ని అట్ట కార్డు మీద పల్చటి పట్టీగా లాగాలి. పట్టీ సగం ఆరినప్పుడు ఒక మూల వేలితో రుద్దాలి. రుద్దినచోట రంగు మారితే లోపల ముద్ద సరిగ్గా కలవలేదన్నమాట, మళ్లీ మొదటికి రావాలి. మారకపోతే ఆరబెట్టి, కార్డు తిప్పి, వెనక తేదీ వేసి, మాస్టరు పేరున్న రబ్బరు స్టాంపు కొట్టి డ్రాయరులో పెట్టాలి. ఎవరు కలిపినా స్టాంపు మాస్టరుదే. రంగు తేడా వచ్చి కస్టమరు అరిస్తే పడాల్సింది మాస్టరు కాబట్టి ఆ పద్ధతి. కలపడమూ రుద్దడమూ ఎలా నేర్చుకుందో స్టాంపు కొట్టడమూ అలాగే నేర్చుకుందామె.

రుద్దుడు ఆమె కుడి చూపుడువేలితో చేసేది. లేబుళ్ల రోజుల్లో డబ్బా మూత తెగి ఆ వేలి కొసను నిలువునా చీల్చింది. మానింది గానీ సన్నని గాడి మిగిలిపోయింది. రుద్దినచోట మధ్యలో వెంట్రుకంత గీత రుద్దుడు పడకుండా ఉండిపోయేది. "నీ రుద్దుడికి పాపిడి ఉందే" అని నవ్వేవాడు పాత మాస్టరు.

అలా ఎనిమిదేళ్లు గడిచాయి. పాత మాస్టరు రిటైరయ్యే ఏడాదికి ఆమె మరిది పని లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. ఫోన్లు అమ్మే దుకాణం మూతపడింది. భర్త తమ్ముడు, ఇంటికి చిన్నోడు, అత్తగారి గారాల కొడుకు. మేనేజరు గదికి ఆమే వెళ్లింది. "మా మరిదండీ. చురుకైనవాడు. నేను నేర్పుతాను" అని బతిమాలింది. ఏడు నెలలు నేర్పింది కూడా. నేర్చుకోవడంలో పెద్ద ఇబ్బంది లేదు గానీ రంగు తగిలితే చాలు అతని చేతులు ఎర్రగా దద్దుర్లెక్కి పగిలేవి. గ్లవుజులు తొడగకుండా సీసా మూతైనా తీసేవాడు కాదు. గ్లవుజు వేలికి తడి తెలియదు, పట్టీ ఎప్పుడు సగం ఆరిందో అందదు. "నువ్వు రుద్దు వదినా" అనేవాడు. రుద్దేది. రుద్దాక తేడా కనపడితే సరిచేయాల్సిందీ రుద్దినవాళ్లే గనక కలపడమూ ఆమె చేతికే వచ్చింది.

పాత మాస్టరు వెళ్లిపోయిన వారం మేనేజరు ఆమెను పిలిచాడు. కుర్చీ చూపించాడు. అంతకుముందెప్పుడూ చూపించలేదు.

"అమ్మా, మాస్టరంటే మాటలు కాదు. సైట్లకి తిరగాలి, ఇరవై లీటర్ల డబ్బాలు ఎత్తాలి. ఆడమనిషివి, నీకెందుకు ఆ తిప్పలు? అందుకని మీ మరిదిని వేస్తున్నా. అయినా ఎవడో కాదుగా, మీ ఇంట్లోవాడేగా!"

ఆమె నవ్వింది. తర్వాత ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు మండేది ఆ మాటకు కాదు, తను నవ్వినందుకు.

ఆ తర్వాతి ఆరేళ్లలో మరిది సైటుకు వెళ్లింది రెండుసార్లు. డబ్బాలు ట్రాలీ మీద వచ్చేవి, ట్రాలీ మీద పోయేవి. అతను బల్లకు ఆ చివర కూర్చుని ఫోన్లు తీసేవాడు, కస్టమర్లకు రేట్లు చెప్పేవాడు. ఈ చివర ఆమె కలిపేది, లాగేది, రుద్దేది. చివరికి అతని పేరున్న స్టాంపు కూడా తనే కొట్టేది.

జీతం మాట మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. జీతాలు ఒకరికొకరు చెప్పుకోకూడదని చేరిన రోజే అందరి చేతా సంతకం పెట్టించుకుంటారు. మాస్టరన్నాక కాస్త ఎక్కువే వస్తుందని ఆమె అనుకునేది. కాస్త.

*

అది బయటపడింది ఒక సెలవురోజు ఉదయం. మరిది ఫ్లాటు కొనుక్కోవడానికి అప్పుకు దరఖాస్తు పెట్టాడు. జామీను సంతకం చేయమని అన్నకు కాగితాల కట్ట ఇచ్చి పోయాడు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. ఏ కాగితమైనా చదవకుండా సంతకం చేసే మనిషి. పెన్ను దొరక్క, కాగితాలు వంటింటి గట్టు మీద పెట్టి గదిలోకి వెళ్లాడు. ఆమె చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. మూడో పేజీకి ఫ్యాక్టరీ ఇచ్చిన జీతం ధ్రువపత్రం గుచ్చి ఉంది.

ఆమెకు వంద వచ్చేచోట అతనికి నూట అరవై వస్తోంది. మాస్టరైన మొదటి నెల నుంచీ.

భర్త పెన్నుతో వచ్చేసరికి ఆమె కాగితం మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"చెయ్యి తియ్యి, సంతకం పెట్టాలి."

"ముందు ఇది చదవండి."

అతను చదివాడు. గడ్డం గోక్కున్నాడు. "వాడు మాస్టరు కదే" అన్నాడు.

"ఎవరు మాస్టరు? గ్లవుజులు తొడుక్కుని ఫోన్లో రేట్లు చెప్పేవాడా? నేను పట్టీ లాగి, రుద్ది, ఆరబెట్టి, వాడి పేరు స్టాంపు కొట్టి మరీ ఇస్తే వాడు మాస్టరు!"

పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. తుంటి విరిగి అతికినప్పటినుంచీ మంచం దిగడం తక్కువ, నోరు ఆగడం ఇంకా తక్కువ. "ఏమిటా గోల? వాడికి నాలుగు రూకలు ఎక్కువొస్తే నీ కడుపులో మంటెందుకే? వాడు మగాడు, ఇల్లు నడపాలి, ఇద్దరు పిల్లలు."

"నా ఇల్లు ఏ కాళ్ల మీద నడుస్తోంది అత్తయ్యా? నాకు మాత్రం పిల్లలు లేరా? మీ మందులు కొనేది ఎవరి జీతం?"

అత్తగారు దుప్పటి సర్దుకుంది. తర్వాత, "అలా అరవకు, బీపీ పెరుగుతుంది" అంది. ఎవరి బీపీయో చెప్పలేదు.

సాయంత్రం మరిది కాగితాల కోసం వచ్చాడు. ఆమె ధ్రువపత్రం విప్పి అతని ముందు పెట్టింది. అతను దాన్ని చూడలేదు. గోడ గడియారం వంక చూశాడు.

"తెలుసా?" అందామె.

"ఏమిటి వదినా?"

"నాకెంత వస్తుందో నీకు తెలుసా అని."

"అందాజుగా..."

"అందాజుగా! ఆరేళ్లు. రోజూ నా క్యారేజీలో కూర పంచుకు తిన్నావు. ఒక్కరోజు నోరు పెగల్లేదా?"

"సంతకం పెట్టాం కదా వదినా, చెప్పకూడదని. ఉద్యోగం పోతే?"

"పోతే మళ్లీ నేనే వెళ్లి బతిమాలేదాన్ని. అలవాటేగా."

అతను కాగితాలు తీసుకుని, తలుపు దగ్గర చెప్పులు వేసుకోవడంలో చాలాసేపు గడిపి వెళ్లిపోయాడు.

*

మర్నాడు ఫ్యాక్టరీలో ఏప్రాను తీసుకుంటూ ఆమె తలుపు వెనక గోడ చూసింది. అక్కడో నోటీసు అతికించి ఉందని తెలుసుగానీ ఎప్పుడూ చదవలేదు. పగలంతా తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి అది తలుపు చాటునే ఉంటుంది. అన్ని పనిచోట్లా అతికించాలని రాష్ట్ర చట్టం చెప్పింది. ఎక్కడ అతికించాలో చెప్పలేదు. మేనేజరుకు అది చాలు.

ఆమె తలుపు మూసి, వేలాడుతున్న ఏప్రాన్లు తప్పించి, నిలబడి చదివింది. ఒకేలాంటి పని చేసే ఆడవారికీ మగవారికీ ఒకే వేతనం. పని ఒకటో కాదో తేల్చేది హోదా పేరు కాదు, చేసే పని. ఎవరి జీతం వాళ్లు చెప్పుకోకుండా యజమాని ఆపకూడదు, ఆపుతూ రాయించుకున్న సంతకం చెల్లదు. ఒకరికి పెంచడం కోసం ఇంకొకరికి తగ్గించకూడదు. ఫిర్యాదు చేస్తే ఉద్యోగంలోంచి తీయకూడదు. కింద కార్మిక శాఖ కార్యాలయం చిరునామా. కాగితం మీది తేదీ చూసింది. చట్టం వచ్చి ఏడేళ్లయింది. ఏడేళ్లుగా ఆమె తన ఏప్రాను దాని మీదే తగిలిస్తోంది.

చూసిందంటే చుక్క తేడా పట్టుకునే కళ్లు. రోజుకు రెండుసార్లు ముక్కుకు జానెడు దూరంలో ఉన్నది చూడలేదు. ఆ కోపం కూడా కలిసింది.

మేనేజరు గదికి వెళ్లింది. ఈసారి కుర్చీ చూపించలేదు.

"జీతాలు బయటపెట్టకూడదని సంతకం చేశావు, గుర్తుందా? అసలు మీ మరిది జీతం నీకెలా తెలిసింది?"

"తలుపు వెనక కాగితం ఆ సంతకం చెల్లదంటోందండీ."

"ఓహో, చట్టాలు కూడా చదువుతున్నావా!" మేనేజరు నవ్వాడు. "సరే, చట్టమే మాట్లాడుకుందాం. ఒకే పని అని కదా ఉంది? వాడు మాస్టరు, నువ్వు సహాయకురాలివి. పని ఒకటెలా అవుతుంది?"

"రంగులు కలిపేది నేనండీ."

"ఎవరు చెప్పారు? కార్డులు చెప్పాలి. ఆరేళ్ల కార్డులు కింద డ్రాయర్లలో ఉన్నాయి, ఒక్కదాని మీద నీ పేరుందా? పోయి చూసుకో."

చూసుకోనక్కర్లేదు. లేదని ఆమెకు తెలుసు. ఆ స్టాంపులన్నీ కొట్టిన చెయ్యి తనదే. తనది కాదనే రుజువును ఆరేళ్లపాటు తన చేతులతోనే తయారుచేసి, తేదీలు వేసి, వరసలో పెట్టింది.

ల్యాబుకు తిరిగొచ్చి రంగు ముద్దల సీసా మూత తీసింది. మూత పెట్టేసింది. చేతులు కడుక్కుని కార్మిక శాఖ కార్యాలయానికి బస్సెక్కింది.

*

విచారణ రెండు నెలల తర్వాత. ఆ రెండు నెలలూ ల్యాబులో మరిది ఆ చివర, ఆమె ఈ చివర. "ఈ నీలం ఎవరిది?" "రేపటికి కావాలట." అంతకుమించి మాటల్లేవు. భోజనాలప్పుడు అతను క్యారేజీ పట్టుకుని బయటికి వెళ్లేవాడు. ఇంట్లో తోడికోడలు రావడం మానేసింది. ఆమె భర్త మాత్రం అప్పు కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చాడు. "జామీను వేరు, ఇది వేరు" అన్నాడు. ఆమె కాదనలేదు.

మేనేజరు సాక్షిగా మరిదినే వేశాడు. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె అతని దగ్గరికి వెళ్లి, నోటీసులోంచి రాసి తెచ్చుకున్న వాక్యం బల్ల మీద పెట్టింది.

"నాకు పెంచడం కోసం నీకు తగ్గించకూడదు. ఇదిగో, రాసుంది. నీ ఫ్లాటుకేమీ కాదు. నువ్వు నా కోసం అబద్ధం చెప్పక్కర్లేదు బాబూ, వాళ్ల కోసమూ చెప్పకు."

అతను గ్లవుజు కొస లాగి సర్దుకున్నాడు.

కార్యాలయం గది చిన్నది. ఫైళ్ల బీరువాలు, ఒక బల్ల, కిర్రుమనే ఫ్యాను. అధికారిణి యాభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారే కళ్లజోడు. మేనేజరు ఇద్దరు మనుషుల చేత ఆరు డ్రాయర్లు మోయించి తెచ్చాడు. ఏడాదికొకటి.

"నాలుగు వేల పైచిలుకు కార్డులు మేడమ్. ప్రతిదాని వెనకా మాస్టరు స్టాంపు. ఈవిడది ఒక్కటి చూపించమనండి, ఇప్పుడే జీతం పెంచేస్తాను."

అన్నీ వెనక వైపు కనపడేలా పేర్చి తెచ్చాడు. బల్ల నిండా మరిది స్టాంపులే. అధికారిణి ఒక్కో డ్రాయరులోంచి చేతికందినవి పదేసి తీసింది. తేదీలు రాసుకుంది. తర్వాత, వెనకది చదివాక ముందుది చూడడం అలవాటేమో, కార్డును తిప్పింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోదాన్ని తిప్పింది.

లేత నీలం. మట్టి రంగు. ఒక బూడిద. ఒక మూల రుద్దుడు, దాని మధ్యలో నిలువునా వెంట్రుకంత గీత.

డేగక్క లేచి నిలబడింది. ఇన్నేళ్లలో ఆ కార్డుల్ని ఒక్కొక్కటిగా చూసిందే గానీ పక్కపక్కన ఎన్నడూ చూడలేదు.

"మేడమ్, అవి ట్యూబులైటు కింద కనపడవండీ. కిటికీ దగ్గరికి తీసుకురండి."

"కూర్చోండమ్మా, మీ వంతు వచ్చినప్పుడు..."

"నా వంతు ఆరేళ్లుగా రాలేదండీ. ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడండి చాలు."

అధికారిణి కళ్లజోడు పైకి తోసుకుని ఆమెను చూసింది. కార్డులు తీసుకుని కిటికీ గట్టు మీద పరిచింది. డేగక్క తన కుడి చూపుడువేలు చాపి, వాటి పక్కన పెట్టింది. గాడిలో నిన్నటి పసుపు ఇంకా ఉంది.

"ఈ గీత చూడండి. ఈ వేలు చూడండి. డబ్బా మూత కోసింది. కంపెనీ డబ్బాయే."

"మేడమ్, రుద్దడానికీ రంగు కలపడానికీ ఏమిటి సంబంధం?" మేనేజరు గొంతు పెంచాడు. "సహాయకురాలు రుద్దుతుంది. ఇంట్లో గిన్నెలు రుద్దినట్టే. దాన్ని పట్టుకుని..."

"ఆగండి" అంది అధికారిణి. కార్డులు రెండు వరసలుగా పెట్టడం మొదలుపెట్టింది. అరవై కార్డుల్లో యాభై ఏడింటి మీద గీత ఉంది. మూడింటి మీద రుద్దుడు నున్నగా, అద్దంలా ఉంది.

"ఈ మూడు?"

డేగక్క తేదీలు చూసింది. "రెండు మా అత్తయ్య తుంటి విరిగిన నెలవండీ. ఆసుపత్రిలో నేనే ఉన్నాను, సెలవు చీటీ ఆఫీసులో ఉంటుంది. మూడోది తెలీదు, ఏదో జ్వరమై ఉంటుంది. ఆ రెండింటి వెనకా ఎర్ర సిరాతో ఏదో రాసుంటుంది చూడండి."

అధికారిణి తిప్పింది. రెండింటి మీదా ఎర్ర సిరాతో 'వెనక్కి వచ్చింది' అని ఉంది. ఆమె పెదవులు కదిలాయి గానీ నవ్వలేదు. మరిది వైపు తిరిగింది.

"మీరేగా మాస్టరు? మీ చేతులు చూపించండి."

అతను చాపాడు. వేళ్ల సందుల్లో పొక్కులు, ఎండిన చర్మం.

"ఈ చేతులతో మీరు గ్లవుజులు లేకుండా రుద్దగలరా?"

"లేదండీ."

"మరి ఈ వేలు ఎవరిది?"

మేనేజరు గట్టిగా దగ్గాడు. మరిది అతని వైపు చూశాడు. కిటికీ గట్టు మీది కార్డుల వైపు చూశాడు. వదిన వైపు మాత్రం చూడలేదు.

"వేలు వదినది" అన్నాడు.

"రుద్దడం వరకేనా? కలిపింది ఎవరు?"

"రుద్దాక తేడా వస్తే మళ్లీ కలపాలండీ. అంచేత రుద్దేవాళ్లే కలుపుతారు. అది... అది ల్యాబులో ఎవరినడిగినా చెప్తారు. అన్నీ ఆవిడే. నేను ఫోన్లు తీస్తాను."

మాస్టరు ఉద్యోగానికి కంపెనీ తనే టైపు చేయించి ఫైలులో పెట్టిన పని వివరాల కాగితాన్ని అధికారిణి పైకి చదివింది. రంగు కలపడం, పరీక్షించడం, ఖాయం చేయడం. చదివి మేనేజరు ముందు పెట్టింది. "ఫోన్లు తీయడం ఇందులో లేదే" అంది.

*

ఉత్తర్వు మూడు వారాలకు వచ్చింది. పని ఒకటే. ఈ నెల నుంచి జీతం ఒకటే. మరిది జీతంలో పైసా తగ్గించకూడదు. ఫిర్యాదు తేదీకి ముందు రెండేళ్ల తేడా బకాయిగా చెల్లించాలి. అంతకుముందు నాలుగేళ్లదీ కాలదోషం పట్టినందున చెల్లదు.

ఆమె ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివి, అధికారిణి దగ్గరికి మళ్లీ వెళ్లింది.

"ఆ నాలుగేళ్లూ నేను కలపలేదా మేడమ్?"

"కలిపారు. ఉత్తర్వులో అది కూడా రాశాను. కానీ రెండేళ్లకు మించి వెనక్కి వెళ్లే అధికారం చట్టం నాకివ్వలేదు."

"మీ ఆఫీసు ఎదురుగా బడి గోడ ఉంది చూశారా, ఆ మట్టి రంగు? అయిదేళ్ల కిందట నేను కలిపింది. పెచ్చైనా ఊడలేదు. దానికి పట్టలేదే కాలదోషం. నా జీతానికెలా పట్టింది?"

అధికారిణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చట్టం రాసినవాళ్లని అడగాల్సిన మాటమ్మా ఇది."

"వాళ్లెక్కడుంటారో చెప్పండి, అడుగుతాను."

అధికారిణి నిజంగానే ఒక కాగితం మీద చిరునామా రాసి ఇచ్చింది.

ఇంట్లో విషయం విని అందరికంటే ముందు మండిపడింది అత్తగారే. మంచం మీద లేచి కూర్చుంది. "రెండేళ్లదే ఇస్తారా? మరి ఆ నాలుగేళ్లదీ ఎవడబ్బ సొమ్మని మింగుతాడు వాడు?"

"నాలుగు రూకలకి కడుపులో మంటెందుకు అత్తయ్యా?"

"నా మాట నాకే అప్పజెప్పకు. ఆ చిరునామా ఏదో ఇచ్చిందన్నావు, ఉత్తరం రాశావా లేదా?"

రాసింది. జవాబు రాలేదు.

*

బకాయి ఇచ్చే రోజు మేనేజరు కబురు పంపాడు. బల్ల మీద చెక్కు, దాని కింద ఒక రసీదు.

"సంతకం పెట్టి తీసుకో. గొడవ వదిలిపోతుంది."

ఆమె రసీదు చదివింది. ఈ ఏడాది ఆమెకు అబ్బిన కొత్త అలవాటు అది. 'నాకు రావలసిన వేతన బకాయి పూర్తిగా ముట్టినది. ఇకపై కంపెనీ మీద నాకు ఏ విధమైన హక్కూ లేదు.' మేనేజరు పెన్ను అందుకుని 'పూర్తిగా' అన్నమాట కొట్టేసింది. పైన 'రెండేళ్లది మాత్రమే' అని రాసింది. రెండో వాక్యం మొత్తం అడ్డంగా గీసేసింది.

"ఏమిటా పని! ఆఫీసు కాగితం అది. కొట్టివేతలు ఉంటే హెడ్డాఫీసువాళ్లు ఒప్పుకోరు."

"అయితే మళ్లీ టైపు చేయించండి."

"టైపిస్టు భోజనానికి వెళ్లింది. గంట పడుతుంది."

"పట్టనివ్వండి."

ఆమె గోడ పక్కనున్న కుర్చీని లాక్కుంది. ఎవరూ చూపించలేదు. బల్లకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. మేనేజరు ఫోను ఎత్తి పెట్టేశాడు, ఏవో కాగితాలు అటువి ఇటు సర్దాడు. పావుగంట తర్వాత తలుపు దగ్గర మరిది కనిపించాడు. ఒక చేతిలో తడి కార్డు, గ్లవుజు మీద బూడిద రంగు.

"వదినా, ఆసుపత్రివాళ్ల బూడిద ఎర్రబారుతోంది. మూడుసార్లు లాగాను. లారీ బయట నిలబడి ఉంది. ఒకసారి వచ్చి చూడవూ?"

ఆమె కూర్చున్నచోటి నుంచే కార్డు వైపు చూసింది. ఎరుపు ఎక్కువైంది నిజమే, రెండు చుక్కలు. అక్కడినుంచే తెలుస్తోంది.

మేనేజరు లేచాడు. "వెళ్లమ్మా, వెళ్లు. లారీ ఆగితే కంపెనీకి నష్టం. ఈ కాగితం సంగతి తర్వాత చూసుకుందాం."

"చూస్తాను బాబూ" అందామె మరిదితో. "కాగితం రానీ."